విడుదలైన మగవాడికి తలదాచుకునే చోటు: చట్టం వదిలేసిన ఆరు నెలలు

మన జైళ్లలో విడుదలలు తరచూ సాయంత్రం వేళ జరుగుతాయి. కోర్టు ఉత్తర్వు చేరాలి, దాన్ని రికార్డుతో సరిచూడాలి, మరో కేసులో వారంటు లేదని తేల్చుకోవాలి, లోపలికి వచ్చిన రోజు జమ చేసుకున్న వస్తువులను రిజిస్టరులో సంతకం పెట్టించుకుని తిరిగి ఇవ్వాలి. ఇదంతా అయ్యేసరికి పొద్దు వాలుతుంది. గేటు బయట ఇంటివాళ్లు నిలబడి ఉన్నవాడికి ఆ ఆలస్యం ఒక లెక్క కాదు. ఎవరూ రానివాడి చేతిలో మాత్రం ఒక బట్టల సంచి, ఎప్పుడో ఆగిపోయిన ఫోను, కొద్దిపాటి డబ్బు ఉంటాయి. ఆ రాత్రి ఎక్కడ పడుకోవాలో చెప్పే బాధ్యత జైళ్ల శాఖకూ లేదు, పోలీసు శాఖకూ లేదు, సంక్షేమ శాఖకూ లేదు. బస్టాండు, రైల్వే స్టేషను, గుడి మండపం, పాత స్నేహితుడి గది మాత్రమే అతనికి మిగులుతాయి. వీటిలో పైకప్పు, తలుపు రెండూ ఉన్నది చివరిది ఒక్కటే. చాలాసార్లు అతన్ని జైలు దాకా తీసుకెళ్లిన సావాసం కూడా అక్కడే ఉంటుంది.

జైలు నుంచి వచ్చినవారి పునరావాసం గురించి మాట్లాడేటప్పుడు మనం సాధారణంగా ఉపాధి దగ్గర మొదలుపెట్టి ఉపాధి దగ్గరే ఆగిపోతాం. కుట్టుపని నేర్పామని, వడ్రంగం నేర్పామని, ఉద్యోగ మేళా పెట్టామని చెప్పుకుంటాం. ఇవన్నీ అవసరమే. అయితే ఇవి ఫలించాలంటే మనిషి మొదటి కొన్ని నెలలు ఒకచోట నిలవాలి. ఆ చోటు లేని పురుషుడి కోసం మన దేశంలో ఒక్క సార్వత్రిక పథకం కూడా ఎందుకు లేదు, అలాంటి తాత్కాలిక వసతి గృహం ఎలా ఉంటే పనిచేస్తుంది, ఎలా ఉంటే చెడు చేస్తుంది అన్నవి విడివిడిగా చూడవలసిన ప్రశ్నలు.

ముందుగా ఈ వసతి ఎవరికి అవసరమో తేల్చుకోవాలి. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022 చివరి నాటికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉన్నారు. వారిలో మహిళలు 23,772 మంది. అంటే వందకు దాదాపు 96 మంది పురుషులే. మొత్తం మీద 4,34,302 మంది, అంటే 75.8 శాతం, ఇంకా నేరం రుజువు కాని విచారణ ఖైదీలు. ఈ విచారణ ఖైదీలలో చాలామంది కొన్ని వారాలో నెలలో ఉండి జామీనుపై ఇంటికి వెళ్లిపోతారు. వారికి వసతి గృహం అక్కర్లేదు. శిక్ష పూర్తిచేసుకుని సొంత ఊరికి చేరుకునేవారికీ అక్కర్లేదు. అవసరం ఉన్నది వీరికి భిన్నమైన కొన్ని వర్గాలకు: పది పద్నాలుగేళ్లు లోపలే గడిపిన యావజ్జీవ ఖైదీలకు, పని కోసం పరాయి రాష్ట్రం వచ్చి కేసులో ఇరుక్కున్న వలస కూలీలకు, జైలుకు ముందే ఇల్లు లేక రోడ్డున బతికినవారికి, మానసిక అనారోగ్యంతో కుటుంబం వదిలేసినవారికి. మొత్తం విడుదలల్లో వీరు కొద్దిమందే కావచ్చు. కానీ వారికి విడుదలైన మొదటి వారమే కష్టకాలమవుతుంది.

ఇల్లు ఉండి కూడా ఇంటికి వెళ్లలేనివారు వీరిలో ఎక్కువగా కనిపిస్తారు. ఊళ్లో హత్య జరిగితే హతుడి కుటుంబం, నిందితుడి కుటుంబం తరచూ ఒకే వీధిలోనో పక్కపక్క వీధుల్లోనో ఉంటాయి. పద్నాలుగేళ్ల తర్వాత అతను ఊరికి తిరిగి వస్తే పాత కక్ష రేగుతుందని పెద్దమనుషులు, పోలీసులు, సొంత అన్నదమ్ములు సైతం భయపడతారు. భార్యను చంపిన కేసులో శిక్ష అనుభవించినవాడి పిల్లలు సాధారణంగా అమ్మమ్మ ఇంట్లో పెరిగి ఉంటారు. ఆ గుమ్మం అతనికి తెరుచుకోదు, తెరుచుకోవాలని అడిగే హక్కు కూడా మనకు లేదు. ఈలోగా తల్లిదండ్రులు పోయి ఉంటారు, ఉన్న కాస్త పొలం కోర్టు ఖర్చులకు పోయి ఉంటుంది, అన్నదమ్ములు వాటాలు పంచేసుకుని ఉంటారు. వచ్చినవాడిని చూసి అన్న సంతోషించినా వదినకు ఆ ఇంట్లో పెళ్లీడు కూతురు ఉంటుంది. ఆమె భయాన్ని తప్పుపట్టడం తేలిక. ఆమె స్థానంలో ఉంటే మనలో చాలామందిమి అలాగే చేస్తాం. కుటుంబమే చూసుకుంటుందిలే అన్న నమ్మకం మీద ఒక రాష్ట్ర విధానాన్ని నిలబెట్టడం ఎందుకు సరికాదో ఇక్కడే తెలుస్తుంది.

చిరునామా అన్నది ఒక మనిషి జీవితంలో ఎన్ని పనులకు మూలమో దగ్గరగా చూస్తే తప్ప అర్థం కాదు. మూడు నెలలు వాడకపోతే సిమ్ కార్డు రద్దవుతుంది, ఆ నంబరు మరొకరికి వెళ్లిపోతుంది. ఆధార్‌లో ఉన్నది ఆ పాత నంబరే కాబట్టి ఓటీపీ ఎవరి ఫోనుకో వెళ్తుంది. రెండేళ్లు లావాదేవీ లేని బ్యాంకు ఖాతా నిలిచిపోతుంది. దాన్ని మళ్లీ నడిపించాలంటే గుర్తింపు పత్రాలు కొత్తగా సమర్పించాలి, వాటిలో చిరునామా సరిపోవాలి. రేషన్ కార్డులో పేరు ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. అద్దె గది కోసం వెళ్తే యజమాని ముందు ఆధార్ అడుగుతాడు, తర్వాత ఇంతకాలం ఎక్కడున్నావని అడుగుతాడు. ఊళ్ల నుంచి వచ్చిన మగవాళ్లకు నగరంలో సులభంగా దొరికే ఉద్యోగం సెక్యూరిటీ గార్డుది. చాలా చోట్ల దానితోపాటు పడుకునే చోటు కూడా దొరుకుతుంది. అయితే 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల నియంత్రణ చట్టం ప్రకారం గార్డుగా చేరేవాడి పూర్వాపరాలు విచారించి తీరాలి. ఆ దారి అతనికి అక్కడితో మూసుకుపోతుంది. భవన నిర్మాణ కూలీగానో హోటల్లో గిన్నెలు కడిగేవాడిగానో చేరితే పని జరిగే చోటే పడుకోవచ్చు. అప్పుడు కూలి ఎంత ఇచ్చినా, ఎన్ని గంటలు చేయించినా నోరు మెదపడానికి ఉండదు, ఎందుకంటే పని పోయిన రోజే పడక కూడా పోతుంది.

ఇందులో ఒక చిన్న వెసులుబాటు ఉంది, దాన్ని వాడుకోవడం లేదన్నదే బాధ. గుర్తింపు పొందిన ఆశ్రయ గృహం అధిపతి ఇచ్చే ధ్రువపత్రాన్ని ఆధార్ సంస్థ చిరునామా రుజువుగా అంగీకరిస్తుంది. అంటే విడుదలైన మనిషిని నమోదిత వసతి గృహం ఒకటి చేర్చుకుంటే ఆ గృహం పేరుతోనే అతని ఆధార్, ఫోను, బ్యాంకు ఖాతా ఒకదాని తర్వాత ఒకటి తిరిగి నిలబడతాయి. పడక కంటే ఈ ధ్రువపత్రం విలువే ఎక్కువని నా అభిప్రాయం.

జామీను విషయంలోనూ ముడి ఇదే. 1978లో మోతీరామ్ కేసులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది ఒక తాపీ మేస్త్రీ. అతనికి 10,000 రూపాయల పూచీ చెప్పారు. అతని అన్నదమ్ముడు పూచీకి ముందుకొస్తే, ఆస్తి వేరే జిల్లాలో ఉందని మేజిస్ట్రేటు తిరస్కరించారు. తీర్పు రాసిన జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఒక సూటి ప్రశ్న వేశారు: ఒక మలయాళీనో కన్నడిగుడో తమిళుడో ఆంధ్రుడో బస్తర్‌లోనో పోర్ట్‌బ్లెయిర్‌లోనో చాందినీచౌక్‌లోనో అరెస్టయితే అక్కడ ఆస్తులున్న పూచీదారుణ్ని ఎక్కడి నుంచి తెస్తాడు? నలభై అయిదేళ్ల తర్వాత, 2023 జనవరి 31న, జామీను మంజూరై కూడా జైల్లోనే ఉండిపోతున్నవారి విషయంలో సుప్రీంకోర్టు మళ్లీ మార్గదర్శకాలు ఇస్తూ, స్థానిక పూచీదారుడే కావాలని పట్టుబట్టవద్దని కింది కోర్టులకు చెప్పవలసి వచ్చింది. అదే ఏడాది కేంద్రం పేద ఖైదీల కోసం ఒక పథకం తెచ్చి, జామీను మొత్తానికి 40,000 రూపాయల దాకా, జరిమానాకు 25,000 రూపాయల దాకా సాయం అందించేలా చేసింది. ఇది మంచి పథకం. అయితే అది గేటు దాకా తీసుకొచ్చి వదిలేస్తుంది. విచారణకు ప్రతి వాయిదాకూ హాజరు కావలసిన మనిషికి ఆ ఊళ్లో ఉండే చోటు లేకపోతే అతను సొంత రాష్ట్రం వెళ్లిపోతాడు, వాయిదా తప్పుతాడు, నాన్ బెయిలబుల్ వారంటు పుడుతుంది, మళ్లీ లోపలికి వస్తాడు. పారిపోయాడని రికార్డు అంటుంది. నిజానికి అతనికి నిలిచే చోటు లేకపోయింది.

మన చట్టాలను వరుసగా పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విచిత్రమైన ఖాళీ కనిపిస్తుంది. బాల నేరస్థుల విషయంలో 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం సంస్థ నుంచి బయటికి వచ్చిన యువకుడికి అనంతర సంరక్షణ ఇవ్వాలని చెబుతుంది. కేంద్రం బాలల కోసం నడిపే మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయల సాయానికి ఏర్పాటు ఉంది. మహిళల విషయంలో స్వాధార్ గృహ పథకం మార్గదర్శకాలు, కుటుంబ ఆసరా లేకుండా జైలు నుంచి విడుదలైన స్త్రీలను అర్హుల జాబితాలోనే స్పష్టంగా పేర్కొన్నాయి. ఆ పథకాన్ని తర్వాత మిషన్ శక్తి కింద శక్తి సదన్‌లలో కలిపారు. మానసిక అనారోగ్యం ఉన్నవారి కోసం 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆసుపత్రికీ ఇంటికీ మధ్య ఉండే ఆవాసాలను ప్రభుత్వ బాధ్యతగా చెప్పింది. ఈ మూడింటిలోనూ అమలు ఎలా ఉందన్నది వేరే సంగతి. కనీసం కాగితం మీద హక్కు ఉంది, అడగడానికి ఒక శాఖ ఉంది. పద్దెనిమిదేళ్లు దాటి, మానసిక అనారోగ్యం లేని పురుషుడు, అంటే జైలు నుంచి వచ్చేవారిలో అత్యధికుడు, ఈ వరుసలో ఎక్కడా లేడు. మగవాడు కదా, ఎలాగోలా బతుకుతాడన్న భావన ఈ ఖాళీకి ఒక కారణం. అతని మీద జాలి పుట్టకపోవడం రెండో కారణం. పుట్టకపోవడానికి కొన్ని కేసుల్లో బలమైన కారణాలే ఉండవచ్చు. కానీ శిక్ష కాలం ముగిశాక రాజ్యం అతన్ని బయటికి పంపి తీరుతుంది. పంపిన తర్వాత అతను మన మధ్యనే ఉంటాడు.

విడుదలైనవాడిని కొంతకాలం ఆదుకోవాలన్న ఆలోచన కొత్తది కూడా కాదు. 1919–20లో బ్రిటిష్ ప్రభుత్వం వేసిన భారత జైళ్ల కమిటీయే విడుదలైన ఖైదీలకు సాయం అందించే సంఘాల అవసరాన్ని గుర్తించింది. 1954లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఎం.ఎస్. గోరే అధ్యక్షతన ప్రత్యేకంగా అనంతర సంరక్షణ మీదే ఒక సలహా సంఘాన్ని నియమించింది. 1980 నుంచి 1983 దాకా పనిచేసిన జస్టిస్ ఎ.ఎన్. ముల్లా కమిటీ ఈ సంరక్షణను జైళ్ల శాఖకు చట్టబద్ధమైన విధిగా చేయాలంది. 2016 నమూనా జైలు మాన్యువల్‌లో దీనికి ఒక అధ్యాయమే ఉంది. 2023లో కేంద్రం రాష్ట్రాలకు పంపిన నమూనా జైళ్ల చట్టంలోనూ విడుదల తర్వాతి సంరక్షణ ప్రస్తావన ఉంది. వందేళ్లుగా కమిటీలు చెబుతున్నా ఎందుకు జరగలేదంటే, రాజ్యాంగం ఏడో షెడ్యూలు ప్రకారం జైళ్లు రాష్ట్ర జాబితాలోనివి. కేంద్రం పంపేది నమూనా మాత్రమే. రాష్ట్రంలో జైళ్లు హోం శాఖ కింద ఉంటాయి, ఆశ్రయ గృహాలు సంక్షేమ శాఖల కిందో మునిసిపల్ శాఖ కిందో ఉంటాయి. మనిషి గేటు దాటిన క్షణంలో ఒక శాఖ బాధ్యత ముగుస్తుంది, మరో శాఖ బాధ్యత మొదలుకాదు. బడ్జెట్‌లో ఇతని కోసం పద్దు లేదు కాబట్టి ఏ అధికారికైనా మనసున్నా ఖర్చు పెట్టే వీలుండదు.

తెలుగు రాష్ట్రాల్లో జరిగినదాన్ని తక్కువ చేయకూడదు. చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ల దగ్గర తెలంగాణ జైళ్ల శాఖ నడిపే పెట్రోలు బంకుల్లో ఖైదీలతోపాటు విడుదలైనవారికీ పని ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ జైళ్ల శాఖ బంకులు నడుపుతోంది. 2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వం ప్రత్యేక శిక్ష తగ్గింపు కింద 213 మందిని విడుదల చేసింది, వారిలో అత్యధికులు యావజ్జీవ ఖైదీలు. కొందరికి ఇదే బంకుల్లో ఉపాధి చూపారు. చర్లపల్లి, అనంతపురం వ్యవసాయ క్షేత్రాల్లాంటి బహిరంగ జైళ్లు శిక్ష చివరి దశలో ఉన్నవారికి ఆరుబయట పనిచేసే అలవాటు చేస్తున్నాయి. రాజస్థాన్‌లో 1963 నుంచి నడుస్తున్న సాంగానేర్ బహిరంగ జైలులో ఖైదీలు భార్యాపిల్లలతో కాపురం ఉంటూ పగలు బయట పనులకు వెళ్లి వస్తారు. మన దేశంలో ఈ దారిలో ఇంత దూరం వెళ్లిన ప్రభుత్వ ఏర్పాటు మరొకటి నాకు కనిపించదు. అయితే ఇవన్నీ విడుదలకు ముందువి, లేదా ఉపాధికి పరిమితమైనవి. బంకులో ఎనిమిది గంటలు పనిచేసినవాడు మిగతా పదహారు గంటలు ఎక్కడుంటాడన్నది మిగిలే ఉంది. ఆ పదహారు గంటల గురించి పట్టించుకున్నవి ఎక్కువగా స్వచ్ఛంద సంస్థలే. కేరళలో పుట్టిన ప్రిజన్ మినిస్ట్రీ ఇండియా అనే కథోలిక సేవా బృందం విడుదలైనవారి కోసం పునరావాస గృహాలు నడుపుతోంది. ముంబయిలో టాటా సామాజిక శాస్త్రాల సంస్థ 1990లో మొదలుపెట్టిన ప్రయాస్, విడుదలైనవారిని స్వచ్ఛంద సంస్థల్లో భృతితో శిక్షణకు చేర్చి మొదటి నెలలు గడిచేలా చూస్తుంది.

నగరాల్లో రాత్రి ఆశ్రయాలు ఉన్నాయి కదా అని అడగవచ్చు. సుప్రీంకోర్టు జోక్యంతో లక్ష జనాభాకు ఒక ఆశ్రయం ఉండాలన్న ప్రమాణం వచ్చింది. జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ మనిషికి కనీసం 50 చదరపు అడుగుల చోటు ఉండాలని నిర్దేశించింది. ఆ రాత్రి తలదాచుకోవడానికి అవి పనికొస్తాయి. కానీ చాలా ఆశ్రయాల్లో పొద్దున లేచి సామాను పట్టుకుని వెళ్లిపోవాలి, తాళం వేసుకునే పెట్టె ఉండదు, నిన్నటి పడక ఈరోజు దొరుకుతుందన్న భరోసా ఉండదు. రాత్రి డ్యూటీ చేసేవాడికి పగటి నిద్ర అక్కడ కుదరదు. పదేళ్లు బ్యారక్‌లో వందమంది మధ్య పడుకున్నవాడిని మళ్లీ అలాంటి హాలులోకే పంపితే అతనికి విడుదల అయినట్టే అనిపించదు. ఆశ్రయం ఒక రాత్రికి. ఇతనికి కావలసింది కొన్ని నెలల పాటు మారని ఒకే పడక.

ఈ అవసరాన్ని జపాన్ 1888లోనే గుర్తించింది, అది కూడా ఒక విషాదం వల్ల. షిజువోకా జైలు నుంచి ఒక ఖైదీ పూర్తిగా మారి, ఇక తప్పు చేయనని అధికారికి మాట ఇచ్చి విడుదలయ్యాడు. ఊరికి వెళ్తే తల్లిదండ్రులు లేరు, భార్య మరొకరిని పెళ్లాడింది, చివరి ఆశగా వెళ్లిన బంధువు గుమ్మం నుంచే పంపేశాడు. దొంగతనం చేస్తే మాట తప్పినట్టవుతుంది, చేయకపోతే తిండి లేదు. అతను ప్రాణం తీసుకున్నాడు. ఈ సంగతి తెలిసిన కిన్‌బరా మెయిజెన్ అనే వ్యాపారి విడుదలైనవారి కోసం ఆశ్రయ సంస్థ స్థాపించాడు. నేడు జపాన్‌లో అలాంటి గృహాలు సుమారు 100 ఉన్నాయి, దాదాపు అన్నిటినీ ప్రైవేటు సేవా సంస్థలే నడుపుతాయి, ఖర్చు ప్రభుత్వం భరిస్తుంది. ఇంగ్లండ్‌లో 2021 నుంచి, ఇల్లు లేకుండా విడుదలయ్యేవారికి 84 రాత్రుల దాకా తాత్కాలిక వసతి ఇచ్చే పథకాన్ని దశలవారీగా తెచ్చారు. శుక్రవారం సాయంత్రం విడుదలైతే సోమవారం దాకా ఏ కార్యాలయమూ తెరిచి ఉండదని గ్రహించి, 2023లో చట్టం చేసి రెండు పని దినాల దాకా ముందే విడుదల చేసే వీలు కల్పించారు. ఇలాంటి మార్పుకు పైసా ఖర్చు కాదు. మన దగ్గర కూడా విడుదలను ఉదయానికి మార్చుకోవచ్చు.

మొదటి రోజుల మీద ఇంత పట్టింపు ఎందుకో ఒక అధ్యయనం కఠినంగా చెబుతుంది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్ర జైళ్ల నుంచి 1999–2003 మధ్య విడుదలైన 30,237 మందిని పరిశీలించి 2007లో ప్రచురించిన ఆ పరిశోధనలో, విడుదలైన తొలి రెండు వారాల్లో వారి మరణ ప్రమాదం సాధారణ జనం కంటే 12.7 రెట్లు ఎక్కువగా తేలింది. మాదకద్రవ్యాల అధిక మోతాదు అందులో ముఖ్య కారణం. మన పరిస్థితి వేరు, ఆ అంకెను యథాతథంగా ఇక్కడికి తెచ్చుకోలేం; కానీ మద్యానికి బానిసై జైలుకు వెళ్లినవాడు బలవంతపు విరామం తర్వాత ఒంటరిగా బయటికి వచ్చే సాయంత్రం ఎంత ప్రమాదమో ఊహించడం కష్టం కాదు.

అమెరికా అనుభవంలోనే ఒక హెచ్చరిక కూడా ఉంది, వసతి గృహాల పక్షాన మాట్లాడేవాళ్లు దాన్ని దాటవేయకూడదు. పెన్సిల్వేనియా రాష్ట్రం 2013లో తన లెక్కలు తానే బయటపెట్టింది: జైలుకూ ఇంటికీ మధ్యనున్న కేంద్రాలకు పంపినవారిలో మూడేళ్లలోపు 67 శాతం మంది మళ్లీ అరెస్టయ్యారు లేదా జైలుకు వెళ్లారు, నేరుగా బయటికి పంపినవారిలో అది 60 శాతమే. ఒహాయోలో సిన్సినాటి విశ్వవిద్యాలయం 2002లో చేసిన పరిశోధన దీనికి కారణాన్ని కొంత వివరిస్తుంది. మళ్లీ నేరం చేసే అవకాశం బాగా ఎక్కువగా ఉన్నవారికి ఈ కేంద్రాలు మేలు చేశాయి; ఆ అవకాశం తక్కువగా ఉన్నవారికి మాత్రం కీడే చేశాయి, ఎందుకంటే ఇల్లు, ఉద్యోగం, కుటుంబం ఉన్నవాడిని అక్కడికి పంపడమంటే అతన్ని నిలబెట్టే వాటి నుంచే విడదీసి కొత్త చెడు పరిచయాల మధ్య పెట్టడం. దీన్నిబట్టి ఇలాంటి గృహం అందరికీ తప్పనిసరి చేయకూడదని స్పష్టమవుతోంది. ఇల్లున్నవాడిని ఇంటికి పంపాలి. చోటు లేనివాడికి, అతను కోరితేనే, చోటు ఇవ్వాలి.

ఆశ్రయం పేరుతో నిఘా పెడితే ఏమవుతుందో తెలుసుకోవడానికి మనం అమెరికా దాకా వెళ్లనవసరం లేదు. కొన్ని కులాలు, తెగలను మొత్తంగా నేరస్థులని ముద్రవేసిన నేర జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికి విస్తరించాక, బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్‌మెంటు వెలిసింది. సాల్వేషన్ ఆర్మీ దాన్ని నడిపింది, హెరాల్డ్ స్టూవర్ట్ అనే అధికారి పేరు పెట్టారు. ఎరుకల కుటుంబాలకు భూమి ఇచ్చారు, బడి పెట్టారు, కొందరికి చీరాల పొగాకు ఫ్యాక్టరీలో పని చూపించారు. దానితోపాటు హాజరు పట్టీ, అనుమతి లేనిదే కదలకూడదన్న ఆంక్ష కూడా ఉన్నాయి. ఇల్లూ పనీ ఇచ్చిన చేతే కాపలా కూడా కాసింది. 1952లో ఆ చట్టం రద్దయినా ఊరి పేరు చెబితే చాలు ఉద్యోగం రాని స్థితి తరాల పాటు మిగిలింది. 1970లలో హేమలతా లవణం, లవణం దంపతులు అక్కడ చేసిన సంస్కరణ కృషికి దారి వేరు: వాళ్లు పోలీసు పద్ధతిని పక్కనపెట్టి, కుటుంబాలతో కలిసిమెలిసి, నమ్మకంతో మొదలుపెట్టారు. తెలుగు నేల మీద ఈ విషయంలో మనకున్న సొంత పాఠం ఇదే. వసతి గృహానికి జైలు బోర్డు పెట్టినా, గేటు దగ్గర కానిస్టేబుల్‌ను నిలబెట్టినా అది మరో స్టూవర్టుపురం అవుతుంది.

అందుకే ముల్లా కమిటీతో ఒకచోట నేను విభేదిస్తున్నాను. అనంతర సంరక్షణ చట్టబద్ధమైన విధి కావాలన్నది ముమ్మాటికీ సరైనదే. ఆ విధిని జైళ్ల శాఖ చేతిలో పెట్టడం సరికాదు. శిక్ష ముగిసిన మనిషి మీద జైలు అధికారం కూడా ముగియాలి. విడుదలకు మూడు నెలల ముందే జైలు సంక్షేమ అధికారి ప్రతి ఖైదీనీ ఎక్కడికి వెళ్తావని అడిగి, చోటు లేనివారి జాబితాను జిల్లా సంక్షేమ అధికారికి పంపడం దాకా జైళ్ల శాఖ పని. తర్వాతి పని పౌర శాఖది. తెలంగాణ పోలీసులు 2018 జనవరిలో సకల నేరస్థుల సమగ్ర సర్వే పేరుతో పాత కేసులున్నవారి ఇళ్లకు వెళ్లి చిరునామాలు, వేలిముద్రలు సేకరించారు. నిఘా కోసం ఒక్క రోజులో రాష్ట్రమంతా తిరగగలిగిన యంత్రాంగం ఉన్నప్పుడు, ఇల్లు లేనివారెవరో ముందుగా తెలుసుకోవడం అసాధ్యమని అనలేం. రౌడీషీటు తనిఖీ పేరుతో అర్ధరాత్రి వసతి గృహం తలుపు తట్టకుండా రాతపూర్వకమైన ఒప్పందం కూడా ఉండాలి; లేకపోతే ఒక మనిషి మీది అనుమానం ఆ గదుల్లో ఉన్న అందరి నిద్రా పాడుచేస్తుంది.

గృహం చిన్నదిగా ఉండాలి. ఇరవై మందికి మించకూడదని నేను అనుకుంటాను. ఆశ్రయాల ప్రమాణం ప్రకారం లెక్కేసినా ఇరవై మందికి పడక స్థలం 1,000 చదరపు అడుగులే, మామూలు వీధిలో ఒక రెండంతస్తుల అద్దె ఇల్లు సరిపోతుంది. ఊరి బయట కట్టిన పెద్ద భవనం చవక అనిపిస్తుంది గానీ అక్కడి నుంచి పనికి వెళ్లే బస్సు ఉండదు. గదికి ముగ్గురు నలుగురు, ఒక్కొక్కరికీ తాళం ఉన్న పెట్టె, అందరికీ కలిపి వంటగది ఉండాలి. వంట సంగతి చిన్నదిగా కనిపిస్తుంది. ఏళ్ల తరబడి గంట కొట్టినప్పుడు పళ్లెం పట్టుకుని వరుసలో నిలబడినవాడు ఏం తినాలో, ఎప్పుడు తినాలో, ఎంత డబ్బు పెట్టాలో నిర్ణయించుకోవడం మరచిపోయి ఉంటాడు. కూరగాయల బజారుకు వెళ్లి బేరమాడటం, వంతు వచ్చినప్పుడు నలుగురికి వండిపెట్టడం, గిన్నెలు ఎవరు కడగాలన్న దగ్గర మాటామాటా అనుకుని సర్దుకోవడం అతను బయటి లోకంలో మళ్లీ బతకడం నేర్చుకునే చోటవుతాయి. మొదటి నెల ఉచితంగా ఉంచి, కూలి రావడం మొదలయ్యాక కొద్ది మొత్తం అద్దెగా తీసుకుంటే రసీదు ఉంటుంది. ఆ రసీదులు తర్వాత బయట గది అడిగేటప్పుడు పనికొస్తాయి. ఉండే కాలం మూడు నెలలు, అవసరాన్ని బట్టి ఆరు నెలలు. గడువు లేకపోతే పడకలు ఖాళీ కావు; గడువు మరీ తక్కువైతే మొదటి జీతం చేతికి రాకముందే ఖాళీ చేయమనాల్సి వస్తుంది.

ఇక అభ్యంతరాలు. నేరం చేయని పేదవాడికే ఇల్లు లేనప్పుడు నేరం చేసినవాడికి ఎందుకు అన్నది మొదటిది, న్యాయమైనది కూడా. దీనికి నా సమాధానం ఇది: అడుగుతున్నది ఇల్లు కాదు, పట్టా కాదు, కొన్ని నెలల పడక. ఇంతకాలం అతన్ని రాజ్యమే ఖర్చు పెట్టి లోపల ఉంచింది. అతను మళ్లీ లోపలికి వస్తే మళ్లీ ఖర్చు పెడుతుంది, మధ్యలో మరో బాధితుడు పుడతాడు. రెండో అభ్యంతరం బాధితుల పక్షం నుంచి వస్తుంది, దాన్ని వినకుండా ఏ గృహమూ నిలవదు. హతుడి కుటుంబం ఉండే ప్రాంతంలో ఆ మనిషికి చోటు ఇవ్వకూడదు; స్త్రీల మీద, పిల్లల మీద నేరాలు చేసినవారిని బడి పక్కన పెట్టే గృహంలో చేర్చకూడదు. ఇవి నియమావళిలో మొదటి పేజీలోనే ఉండాలి. మూడోది ఇరుగుపొరుగు భయం. వీధివాళ్లకు చెప్పకుండా రహస్యంగా మొదలుపెడితే మొదటి చిన్న గొడవకే ఆ గృహం మూతపడుతుంది. ముందుగా చెప్పాలి, ఫోను ఎత్తే బాధ్యత ఉన్న మనిషి పేరు, నంబరు వీధిలో అందరికీ ఇవ్వాలి, ఫోను చేసినప్పుడు అతను ఎత్తాలి.

ఎక్కడ మొదలుపెట్టాలన్న ప్రశ్నకు ఒక స్పష్టమైన చోటు ఉంది. యావజ్జీవ ఖైదీల ముందస్తు విడుదల పరిశీలనకు సుప్రీంకోర్టు 2000లో లక్ష్మణ్ నస్కర్ కేసులో చెప్పిన అంశాల్లో ఖైదీ కుటుంబ సామాజిక, ఆర్థిక స్థితి ఒకటి. ప్రొబేషన్ అధికారి ఊరికి వెళ్లి విచారించినప్పుడు తీసుకెళ్లేవాళ్లు ఎవరూ లేరని రాస్తే, ప్రవర్తన ఎంత బాగున్నా ఆ దస్త్రం బలహీనపడుతుంది. ఒకే నేరం, ఒకే శిక్ష, ఒకే సత్ప్రవర్తన ఉన్న ఇద్దరిలో అన్న ఉన్నవాడు బయటికి వస్తాడు, ఎవరూ లేనివాడు ఉండిపోతాడు. జిల్లా సంక్షేమ శాఖ కింద ఒక గృహం నమోదై, ఇతన్ని ఆరు నెలలు మేం చేర్చుకుంటామని రాతపూర్వకంగా ఇవ్వగలిగితే ఆ కాగితం ముందస్తు విడుదలను పరిశీలించే సలహా మండలి ముందుకు వెళ్తుంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు 2023 నమూనా చట్టాన్ని తమ చట్టంగా మలుచుకునేటప్పుడు ఈ గృహానికి ఒక సెక్షను, బడ్జెట్‌లో ఒక పద్దు చేర్చాలి. హైదరాబాద్‌లో ఒకటి, విశాఖపట్నంలో ఒకటి, రాజమహేంద్రవరంలో ఒకటి తెరిచి, మొదటి పడకలను చిరునామా లేదన్న ఒక్క కారణంతో దస్త్రాలు ఆగిపోయినవారికే కేటాయించాలి.